నేల మారిన చోట బండి మారేది: "ఏ దారికైనా ఒకే టైరు" అనే మాట వెనక చరిత్ర

ఈసారి వ్యాసం కాస్త పొడుగు. తీరిక చూసుకుని చదవండి.

ఈ మధ్య టైర్ల దుకాణాల బోర్డుల మీద "ఆల్ టెర్రైన్" అనే మాట తరచుగా కనిపిస్తోంది. బురదైనా, రాళ్ళైనా, ఇసుకైనా, తారు రోడ్డైనా ఒకటే టైరు చాలునని దాని అర్థం. మాట కొత్తది, కోరిక మాత్రం పాతది. బండి కట్టిన ప్రతివాడికీ ఏదో ఒక వానాకాలంలో ఆ కోరిక పుట్టే ఉంటుంది. అయితే మన పెద్దలు అలాంటి చక్రం ఉంటుందని నమ్మలేదు. నేల మారిన చోట వాళ్ళు బండినే మార్చుకున్నారు. ఆ తెలివి ఎక్కడి నుంచి వచ్చింది, మధ్యలో ఈ "అన్నిటికీ ఒకటే" అనే ఆలోచన ఎలా పుట్టింది, ఇవాళ మనలో ఎవరికి అది పనికొస్తుంది, ఎవరికి పనికిరాదు అన్నదే ఈ వ్యాసం.

ముందు మన నేలల సంగతి. మనందరి మాట తెలుగే అయినా కాళ్ళ కింద నేల ఒకటి కాదు. సింధనూరు, గంగావతి, సిరుగుప్ప వైపు మాది నల్లరేగడి. సోలాపూర్ చుట్టూ కూడా నల్లనేలే. దక్షిణాన కోవిల్‌పట్టి చుట్టుపక్కల ఉన్న మనవాళ్ళదీ నల్లనేలే, అక్కడ దాన్ని కరిసల్ అంటారు. తెలుగు ఇంట్లో పుట్టి తమిళంలో రాసిన కి. రాజనారాయణన్ ఆ నేల పేరు మీద ఒక సాహిత్యమే నిలబెట్టారు. కోరాపుట్, జయపురం, రాయగడ వైపు ఎర్రనేల, రాళ్ళు, ఘాటీలు, దంచి కొట్టే వాన. యానాంలో గోదావరి తెచ్చిన ఒండ్రు. ఇంకో సంగతి. నల్లనేలకు భూగోళం పుస్తకాల్లో "రెగర్" అనే పేరుంది. అది మన "రేగడ" నుంచి వెళ్ళిన మాటే. అలాగే తెల్లదొరల కాలం ఇంగ్లీషులో ఎద్దుల బండిని "బాండీ" అని రాసేవారు. అదీ దక్షిణాది బండే. నేలకూ బండికీ రెంటికీ మన భాష పేరు పెట్టింది, కాబట్టి వాటి గురించి మాట్లాడే హక్కు మనకు కొంచెం ఎక్కువే అనుకుంటాను.

పాత బండి చక్రం గుర్తుందా? ఆకులు, వాటి చుట్టూ వంపు చెక్కలు, ఆ పైన ఇనుప పట్టా. ఆ పట్టాను చక్రం కొలత కంటే కాస్త చిన్నగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, వేడికి సాగినప్పుడు చక్రానికి తొడిగి, వెంటనే నీళ్ళు పోసేవారు. చల్లబడి బిగుసుకుంటూ అది చెక్కలన్నిటినీ ఒకదానిలోకి ఒకటి నొక్కేది. మేకు లేకుండానే చక్రం ఏకమయ్యేది. ఇరుసుకు కందెన రాసి తోలితే పది పన్నెండు బస్తాల బరువు లాగేది. ఇంగ్లీషులో "టైర్" అనే మాట కూడా మొదట ఈ ఇనుప పట్టాకు పెట్టిన పేరే. రబ్బరు ఆ పేరును తర్వాత తీసుకుంది.

ఆ చక్రం కొలతలు వడ్రంగి ఇష్టానికి వచ్చేవి కావు. పెద్ద చక్రం గుంటలో తక్కువ దిగబడి తేలిగ్గా పైకి వస్తుంది. వెడల్పు పట్టా మెత్తని నేల మీద బరువును పరుస్తుంది. సన్నని పట్టా గట్టి బాట మీద తేలిగ్గా దొర్లుతుంది గాని బురదలో కత్తిలా దిగుతుంది. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలి. ఈ లెక్క వడ్రంగికీ, కమ్మరికీ, రైతుకూ తెలుసు. ఇవాళ టైరు కంపెనీ ఇంజనీరు ముందున్నదీ ఇదే లెక్క.

చక్రం పనిచేయని చోట చక్రాన్నే వదిలేశారు. కోరాపుట్ కొండలకు బండి దారి పడకముందు సాలూరు వైపు నుంచి సరుకు ఎద్దుల వీపు మీద ఎక్కేది. బంజారాలు కోస్తా ఉప్పును మందలు మందలుగా ఎద్దుల మీద వేసి కొండల మీదుగా బస్తర్ దాకా తీసుకెళ్ళి, అక్కడి ధాన్యం వేసుకుని దిగేవారు. మైదానంలో బండి, కొండ కింద బండి దింపి వీపు మీద గోనె. యానాం వైపు నీళ్ళు అడ్డం వస్తే బండి ఆగేది, పడవ ఎత్తుకునేది. బండ్లు ఓడలవుతాయి, ఓడలు బండ్లవుతాయి అనే సామెత జాతకాల గురించి వాడుతున్నాం గాని, అది ఆ రేవుల్లో రోజూ జరిగే పనే.

ఇప్పుడు రబ్బరు దగ్గరికి వద్దాం. గాలి నింపిన చక్రానికి మొదటి పేటెంటు డన్‌లప్‌ది కాదు. 1845లో రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లండు ఇంజనీరు తీసుకున్నాడు. అప్పటికి మోటారు కారు లేదు, సైకిలుకు చోటు లేదు. ఆయన ఆ గాలి చక్రాన్ని గుర్రపు బండి కోసమే చేశాడు. బాగానే పనిచేసింది గాని ఖరీదు, రబ్బరు దొరకకపోవడం వల్ల మూలపడింది. తర్వాత 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడిగా ఉన్న జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం మళ్ళీ అదే కనిపెట్టాడు. ఈసారి సైకిళ్ళ కాలం కలిసివచ్చింది. పేరు ఆయనకు మిగిలింది. గాలి టైరు పుట్టింది జంతువు లాగే బండి కోసం. నూరేళ్ళు తిరిగి అది మన ఎద్దుల బండికి చేరింది. ఆ కథ కాసేపట్లో.

మొదటి మోటారు టైర్లు నున్నగా ఉండేవి. బటన్లు, గాళ్ళు ఏమీ లేవు. పొడి రోడ్డు మీద నున్నటి రబ్బరు బాగానే పట్టేది. తడి తగిలితే జారేది. జర్మనీ కాంటినెంటల్ కంపెనీ 1904లో నమూనా చెక్కిన టైరు తెచ్చింది. 1908లో అమెరికా గుడ్‌ఇయర్ వజ్రాకారపు బటన్లు వేసి, దానికి "ఆల్ వెదర్" అని పేరు పెట్టింది. "అన్నిటికీ ఒకటే" అనే మాట టైర్ల వ్యాపారంలోకి వచ్చింది అప్పుడే. గమనించండి, అప్పుడు వాళ్ళు మాట ఇచ్చింది అన్ని వాతావరణాలకు, అన్ని నేలలకు కాదు. ఈ రెండిటినీ మనవాళ్ళు ఇప్పటికీ కలిపేస్తుంటారు. వాన, ఎండ, చలి అనేవి వాతావరణం. రాయి, బురద, ఇసుక, తారు అనేవి నేల. ఒకదానికి మంచిదైన టైరు రెండోదానికి మంచిది కావాలని లేదు.

మన దేశంలో అప్పటికి గొడవ వేరు. కంకర రోడ్ల మీద మోటార్లు, ఇనుప పట్టా బండ్లు కలిసి తిరగడం మొదలైంది. సన్నటి ఇనుప పట్టా బరువునంతా రెండు వేళ్ళ మందం మీద మోపి రోడ్డును కోసేది. బండి బాటలు రెండు కాలవల్లా దిగిపోయేవి. 1927లో జయకర్ కమిటీ రోడ్ల సంగతి చూడడానికి కూర్చుంది. 1934లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుట్టింది. రోడ్డు ఇంజనీర్లకు ఎద్దుల బండి పెద్ద తలనొప్పి. పరిష్కారం గాలి టైరు అన్నారు. డన్‌లప్ 1936లో కలకత్తా దగ్గర సాహాగంజ్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. ఎద్దుల బండి కోసమే ప్రత్యేకంగా టైర్లు వచ్చాయి. అవే మన ఊళ్ళలో "టైరు బండ్లు" అయ్యాయి. కొన్నిచోట్ల ఏ కంపెనీ టైరు వేసినా డన్‌లప్ బండే.

టైరు బండి వచ్చాక ఎద్దుకు మెడ మీద భారం తగ్గింది, చప్పుడు తగ్గింది, అదే జత ఎక్కువ బరువు లాగింది. అయినా ఇనుప పట్టా వెంటనే పోలేదు. బెంగుళూరు ఐఐఎం తొలి డైరెక్టరు ఎన్.ఎస్. రామస్వామి గారు 1970లలో ఎద్దుల బండి మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. మేనేజిమెంటు పాఠాలు చెప్పే పెద్దమనిషి బండి కాడిని, ఎద్దు మెడ పుండును పట్టించుకోవడం ఆ రోజుల్లో వింతగా చూశారు. రైతు పాత చక్రాన్నే ఎందుకు పట్టుకున్నాడంటే మొండితనం వల్ల కాదు. సర్కారు తుమ్మ ముల్లు ఇనుప పట్టాను ఏమీ చేయదు. గాలి టైరుకు పంక్చరు పడితే పొలం మధ్యలో ఎవరు వేస్తారు? ఇనుప పట్టా వదులైతే ఊళ్ళో కమ్మరి ఉన్నాడు. చక్రం మంచిచెడ్డలతో పాటు అది చెడిపోయిన చోట బాగుచేసే మనిషి దొరుకుతాడా అన్నదీ రైతు చూశాడు. ఈ ప్రశ్న ఇవాళ్టికీ వర్తిస్తుంది. కాస్త వెతికితే గాని దొరకని సైజు టైరు వేయించుకున్నవాళ్ళు ఒకసారి ఆలోచించండి.

పొలంలో ట్రాక్టరుదీ ఇదే దారి. మొదట్లో ట్రాక్టర్లకు ఇనుప చక్రాలే, వాటికి పళ్ళు. 1932లో అమెరికాలో ఆలిస్ చామర్స్ కంపెనీ తన మోడల్ యు ట్రాక్టరుకు గాలి టైర్లు వేసింది. కొద్ది ఏళ్ళలో అందరూ అటే వెళ్ళారు. ట్రాక్టరు వెనక టైరు చూడండి. బటన్లు ఎత్తుగా, ఒకదానికొకటి దూరంగా, బాణం ములుకులా వంపు తిరిగి ఉంటాయి. ఆ ఖాళీ కావాలనే వదిలారు. చక్రం తిరిగినప్పుడు ఇరుక్కున్న మట్టి జారి పడిపోవడానికి ఆ ఖాళీ. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే మిగతా వ్యాసం తేలిగ్గా అర్థమవుతుంది: బురదలో పట్టు ఇచ్చేది బటనూ, దాని పక్కన ఉన్న ఖాళీ కూడా. తారు మీద పట్టు ఇచ్చేది రోడ్డుకు తగిలే రబ్బరు. ఖాళీ పెంచితే తగిలే రబ్బరు తగ్గుతుంది.

తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయ్యాక కోస్తా జిల్లాల నుంచి వచ్చి క్యాంపులు వేసుకున్న మన పెద్దలకు ఈ పాఠం నేలే నేర్పింది. ఎండాకాలంలో పర్రెలు విచ్చి రాయిలా ఉండే రేగడి, కాలవ నీళ్ళు పారితే, ఒక వాన పడితే జిగురయ్యేది. వరి దమ్ముకు గాలి టైరు కూడా చాలక ట్రాక్టరుకు దమ్ము చక్రాలు తగిలించారు. పని అయ్యాక గట్టు మీద వాటిని విప్పి రోడ్డెక్కాలి. విప్పకుండా తారు రోడ్డెక్కితే రోడ్డు పాడవుతుంది, అధికారులు పట్టుకుంటారు. నేల మారిన చోట చక్రం మార్చడం అంటే ఇదే. ఇప్పటికీ మన కళ్ళముందే జరుగుతోంది.

మరి "ఆల్ టెర్రైన్" ఎక్కడి నుంచి వచ్చింది? రెండో ప్రపంచ యుద్ధం జీపు నుంచి మొదలుపెట్టాలి. సైన్యానికి దారిలో ఆగి చక్రం మార్చే తీరిక లేదు. కాబట్టి ముందుకు వెళ్ళినా వెనక్కి వచ్చినా ఒకేలా పట్టే అడ్డ బటన్ల టైరు వేశారు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్ళలోనే మహీంద్రా వాళ్ళు బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. అటవీ శాఖ, రెవెన్యూ, ప్రాజెక్టుల ఆఫీసులు అన్నిటికీ జీపులే. 1958లో దండకారణ్య ప్రాజెక్టు మొదలైనప్పుడు కోరాపుట్ కొండల్లో తిరిగినవీ ఇలాంటివే. బురదలో ఆ టైరు రాజు. తడి తారు మీద మాత్రం జీపు తోలిన పాతకాలం డ్రైవరును అడగండి, ఆయనే చెబుతాడు.

అదే కాలంలో ఫ్రాన్సులో మిషెలిన్ 1946లో రేడియల్ టైరుకు పేటెంటు తీసుకుంది. లోపలి దారాలు ఏటవాలుగా కాకుండా ఒక అంచు నుంచి ఇంకో అంచుకు నేరుగా వెళ్ళడం, పైన ఉక్కు బెల్టు ఉండడం దాని ప్రత్యేకత. మన లారీ షెడ్లలో పాతరకాన్ని ఇప్పటికీ "నైలాన్ టైరు" అంటారు. రేడియల్ చల్లగా నడుస్తుంది, తక్కువ అరుగుతుంది, డీజిలు తక్కువ తాగుతుంది. కాని పక్క గోడ పలచన. అధిక లోడు, గుంటల రోడ్లు ఉన్న మన దేశంలో లారీలు చాలాకాలం నైలాన్‌నే నమ్ముకున్నాయి. ఇదీ నేలను చూసి చేసిన ఎంపికే.

1976లో అమెరికాలో బి.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీ రేడియల్ నిర్మాణాన్నీ, జీపు తరహా బటన్లనూ కలిపి "రేడియల్ ఆల్ టెర్రైన్" అనే టైరు తెచ్చింది. మెక్సికోలో బాహా ఎడారి పందేల్లో దాన్ని పరీక్షించారు. ఆ పందెం దారి రాయి, ఇసుక, ఎండ. ఆ టైరు ఏ నేల కోసం పుట్టిందో అక్కడే తెలుస్తుంది. ఇవాళ మన దుకాణాల్లో ఏ కంపెనీ ఎ.టి. టైరు చూసినా దాని వంశం అదే. బురద కోసం ఎం.టి. అని వేరే రకం, రోడ్డు కోసం హెచ్.టి. అని ఇంకో రకం కంపెనీలే అమ్ముతున్నాయి. అన్నిటికీ ఒకటే చాలితే మిగతా రెండూ ఎందుకు అమ్ముతారు?

మన దక్షిణాది టైరు కథనూ ఒక మాట చెప్పుకోవాలి. 1946లో మద్రాసు తిరువొత్తియూరులో కె.ఎం. మామ్మెన్ మాప్పిళ్ళై ఒక షెడ్డులో పిల్లల బెలూన్లు చేయడం మొదలుపెట్టారు. 1952లో ట్రెడ్ రబ్బరులోకి దిగారు. 1961లో టైర్లు. అదే ఎం.ఆర్.ఎఫ్. టైరు కంటే ముందు ట్రెడ్ రబ్బరు అమ్మారన్నది చిన్న విషయం కాదు. అప్పట్లో కొత్త టైరు కొనడం కంటే గుండైన టైరుకు రీబటన్ వేయించడమే మామూలు. ఆ బటన్ నమూనాను షెడ్డు మేస్త్రీ దారిని అడిగి వేసేవాడు. "ఘాటీ లైనా, ప్లెయిన్ లైనా?" అని. ఇవాళ మనం కంప్యూటరులో నక్షత్రాలు చూసి కొంటున్నాం. ఆ ప్రశ్న అడిగేవాడు పోయాడు. కాబట్టి మనమే అడుక్కోవాలి.

అడుక్కుందాం. కోరాపుట్, రాయగడ వైపు ఉండి, రోజూ తారు దిగి మొరం దారుల్లో, గులకరాళ్ళ మీద వెళ్ళాల్సినవాళ్ళకు ఎ.టి. టైరు నిజంగా పనికొస్తుంది. దాని పక్క గోడ మందం, రాయి కోతకు ఆగుతుంది. ఎర్రమట్టి, గ్రావెల్ బటన్ల మధ్య నిలవవు. కాని ఘాటీ వంపుల్లో తడి తారు మీద అది హెచ్.టి. అంత తొందరగా ఆగదని గుర్తుంచుకుని తోలాలి. ఊరు దాటి మొరం దారి ఎక్కనివాళ్ళకు అక్కడ కూడా మంచి తడిపట్టు ఉన్న హెచ్.టి.నే మేలు.

మా రేగడి వైపు సంగతి వేరు. ఇక్కడే చాలామంది మోసపోతున్నారు. రేగడి తడిస్తే బంకలా అంటుకుంటుంది. ఎ.టి. టైరు బటన్ల మధ్య ఖాళీ ఆ బంకను విదిలించడానికి చాలదు. నాలుగు చుట్లు తిరిగేసరికి గాళ్ళన్నీ నిండి, పైకి చూస్తే మట్టి ముద్ద, లోపల బటన్లు ఉన్నా లేనట్టే. గుండు టైరుతో సమానం. ఎం.టి. కొంత మేలు గాని దానితో తారు రోడ్డు మీద రోజూ తిరగడం చప్పుడు, ఖర్చు, ప్రమాదం. మా నేలకు సరైన సమాధానం టైరులో లేదు. వాన తగ్గాక ఒక పూట ఆగడంలో, లేదా ట్రాక్టరులో ఉంది. కోవిల్‌పట్టి వైపు వాన తక్కువ, ముల్లు ఎక్కువ. అక్కడ ట్యూబ్‌లెస్, మంచి పక్క గోడ, సరైన గాలి ముఖ్యం. సోలాపూర్ నుంచి పుణె, హైదరాబాద్ జాతీయ రహదారి మీద తిరిగేవాళ్ళకు ఎ.టి. అంటే అనవసరపు బరువు. యానాం వాళ్ళకు సిమెంటు రోడ్డు, తుఫాను రోజుల్లో నిలిచిన నీళ్ళు. అక్కడ కావలసింది నీటిని పక్కలకు తోసే లోతైన నిలువు గాళ్ళు. అరిగిన టైరు వేగంగా వెళ్తే నీటి మీద తేలుతుంది, స్టీరింగు మన మాట వినదు.

దుకాణంలో చూడాల్సినవి కొన్ని. పక్క గోడ మీద ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండాలి. 2009 నాటి ఉత్తర్వు ప్రకారం అది తప్పనిసరి. నాలుగు అంకెల తేదీ చూడండి. 2423 అంటే 2023లో 24వ వారం తయారైంది. లోడ్ ఇండెక్సు బండి కంపెనీ చెప్పినదానికంటే తగ్గకూడదు. 91 అని ఉంటే ఆ టైరు 615 కిలోలు మోస్తుంది. కొండ, మంచు పువ్వు గుర్తు చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి. అది మంచు కురిసే దేశాల కోసం. రెండు రకాల టైర్లు ముందొకటి వెనకొకటి కలపకండి. గాలి ఎంత పెట్టాలో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉంటుంది, టైరు మీద రాసినది గరిష్ఠం మాత్రమే. కారు టైరు బటన్ లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టం ఒప్పదు. తడి రోడ్డు మీద 3 మిల్లీమీటర్ల దగ్గరే పట్టు జారడం మొదలవుతుంది. కాబట్టి కొత్త టైర్లు వానాకాలానికి ముందే వేయించుకోవాలి, తర్వాత కాదు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం మన సంఘం వ్యాను. క్యాంపుల నుంచి పేషెంట్లను, డయాలసిస్‌కు వెళ్ళే పెద్దవాళ్ళను పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళేది అదొక్కటే. టైర్లు మార్చే వేళ వచ్చింది. చివరి మూడు నాలుగు కిలోమీటర్ల కాలవగట్టు మీద పోయినేడాది వానల్లో రెండుసార్లు దిగబడిందని, ఎ.టి. టైర్లు వేద్దామని కుర్రవాళ్ళు అంటున్నారు. వాళ్ళ బాధ నిజం. రాత్రిపూట ఒక ముసలావిడను మంచం మీద మోసుకుని తారు రోడ్డు దాకా నడిచింది వాళ్ళే. ఆ కష్టాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు.

కాని లెక్క చూడండి. ఒక్కో ట్రిప్పులో ఆ గట్టు మూడు నాలుగు కిలోమీటర్లు, మిగతా 80 కిలోమీటర్లు లారీల మధ్య తారు రోడ్డు. ఎ.టి. టైరు వేస్తే ఆ రేగడిలో ఎలాగూ దిగబడుతుంది, పైగా మిగతా 80 కిలోమీటర్లూ తడిలో ఆగే దూరం పెరుగుతుంది. లోపల ఉండేది సీటు బెల్టు పెట్టుకుని గట్టిగా కూర్చోలేని మనుషులు. చిన్న ఇబ్బంది పోగొట్టబోయి పెద్ద ప్రమాదం తెచ్చుకున్నట్టవుతుంది.

నా ప్రతిపాదన ఇది. వ్యానుకు మంచి తడిపట్టు ఉన్న హెచ్.టి. టైర్లు, నాలుగూ ఒకే రకం, స్టెప్నీ కూడా కొత్తది. మిగిలే డబ్బుకు సభ్యుల చందా కలిపి కాలవగట్టు మీద దిగబడే రెండు చోట్ల మొరం తోలిద్దాం. నీటిపారుదల శాఖ అనుమతి అడిగే పని నేను చూస్తాను. మొరం పడేదాకా, వానాకాలం నాలుగు నెలలూ ప్రతి క్యాంపులో ఒక ట్రాక్టరు, దానికి పరుపు వేసిన ట్రాలీ, ఫోను ఎత్తే ఒక మనిషి ఉండాలి. పేషెంటును తారు రోడ్డు దాకా ట్రాక్టరు తెస్తుంది, అక్కడి నుంచి వ్యాను అందుకుంటుంది. సాలూరు కొండ కింద బండి సరుకును ఎద్దు అందుకున్నట్టు, రేవులో పడవ అందుకున్నట్టు.

ఆదివారం సమావేశంలో ఈ ప్రతిపాదన పెడతాను. కుర్రవాళ్ళు తప్పక రండి, కాదంటే కాదనండి, కారణం చెప్పండి. ట్రాక్టరు ఇవ్వగలిగిన వాళ్ళు మాత్రం సమావేశం దాకా ఆగకుండా ఈ పోస్టు కింద మీ క్యాంపు పేరు రాయండి. వానలు మొదలవడానికి ఎన్నో రోజులు లేవు.